నతానియేలు గారి మూడు కిలోల తుపాకీ

నతానియేలు గారు ఆ పని మీద మా షాపుకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు, ఎందుకంటే రాగానే ఆయన మీద అరిచాను. ఏప్రిల్ చివర. విజయవాడ పటమటలో తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. కరెంటు పోయి గంటయింది, బనీను వీపుకి అతుక్కుపోయింది. ఆయన లోపలికొచ్చి, గుడ్డ సంచీలోంచి తన పాత తుపాకీ తీసి బల్ల మీద పెట్టి, "బాలశౌరి గారూ, దీన్ని సగం బరువు చెయ్యాలండి" అన్నారు.

"సగం కోసి ఇవ్వడానికి ఇదేమన్నా పుచ్చకాయటండీ?" అన్నాను.

ఆయన నవ్వారు. నా కోపానికి నవ్వేవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే. ఒకరు మా ఆవిడ తెరేసమ్మ, ఇంకొకరు ఈయన.

నా సంగతి ముందు చెప్పేస్తాను. లైసెన్సున్న తుపాకులు బాగుచెయ్యడం నా పని. ముప్పై అయిదేళ్ళుగా ఇదే బల్ల, ఇదే కుర్చీ. మా నాన్న వడ్రంగి. గుడి బల్లలు, పీఠాలు, చివరికి శవపెట్టెలు కూడా చేసేవాడు. రెండు చెక్కలు కలిసిన చోట సందు కనిపిస్తే చాలు, మొత్తం ఊడదీసి మళ్ళీ చేయించేవాడు. చెక్కపని ఆయన దగ్గరా, ఇనప పని ఈ షాపు పాత యజమాని దగ్గరా నేర్చుకున్నాను. కృష్ణా జిల్లాలో తుపాకీ కర్రపనికి నా పేరు చెప్పకుండా ఎవరూ ఇంకో పేరు చెప్పరు. ఆ పేరంటే నాకు పిచ్చి. ఆ పిచ్చే ఈ కథకి కారణం.

నతానియేలు గారిది ఉయ్యూరు పక్కన కాలవ గట్టు మీదున్న ఊరు. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. పొట్టి మనిషి, సన్నం. తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. మూడెకరాల చెరుకు, ఒక గేదె, భార్య హన్నా. ఆదివారం వాళ్ళ చర్చిలో ప్రకటనలు చదివేది ఆయనే. పంట కాపాడుకోవడానికి వాళ్ళ నాన్నకి ఇచ్చిన తుపాకీ లైసెన్సు ఈయనకి వచ్చింది. లంకల్లోంచి అడవిపందులు చెరుకు తోటల్లో పడటం ఎక్కువయ్యాక, ఊరి రైతులు అర్జీ పెడితే, అటవీశాఖ వాళ్ళు అనుమతి కాగితం ఇచ్చి కాల్చడానికి పిలిచే వాళ్ళ జాబితాలో ఈయన పేరు చేర్చారు.

వేటగాడంటే మీసాలు తిప్పే మనిషిని ఊహించుకోకండి. ఆయనకి చంపడం అస్సలు పడదు. పందిని కొట్టిన రోజు అన్నం తినరు. అధికారులొచ్చి పంచనామా రాసుకుని గొయ్యి తీసి పూడ్చేదాకా అక్కడే నిలబడి, ఇంటికెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంటారు. హన్నా గారే నాకోసారి చెప్పారు ఈ సంగతి. "ఎందుకండీ మరి ఈయనకీ పని?" అని నేనడిగితే ఆవిడ, "రత్తయ్య గారి కోసం" అన్నారు.

రత్తయ్య వాళ్ళ ఊరి కౌలు రైతు. రెండేళ్ళ క్రితం పక్క చేను ఆసామి పందులు రాకుండా చేను చుట్టూ ఇనప తీగ లాగి, మోటారు దగ్గర్నుంచి దానికి కరెంటు పెట్టాడు. పొద్దున్నే స్విచ్చి కట్టెయ్యడం మర్చిపోయాడు. రత్తయ్య గేదెకి గడ్డి కోసుకురావడానికి ఆ గట్టు మీదుగా వెళ్ళాడు. అటుగా వస్తున్న నతానియేలు గారే ముందు చూశారు. ఎండుకర్రతో తీగ లాగారు, గుండె మీద గుద్దారు, ఏం చేసినా లాభం లేకపోయింది. ఆ రోజు ఊరందరి ముందూ రత్తయ్య భార్య శౌరమ్మ ఏడుస్తుంటే ఈయన అన్న మాట ఒక్కటే. "ఈ ఊళ్ళో ఇంకెవరూ తీగ పెట్టొద్దు. పందులొస్తే నాకు చెప్పండి. నేనుంటాను."

రెండేళ్ళు ఉన్నారు. ఆ రెండేళ్ళలో ఆ ఊరి చేలల్లో ఒక్కరూ తీగ పెట్టలేదు. పోయిన డిసెంబరులో కాలవ గట్టు మీద స్కూటర్ జారి ఆయన కుడి భుజం విరిగింది. ప్లేటు వేశారు, స్క్రూలు బిగించారు. బరువులెత్తొద్దన్నాడు డాక్టరు. పాత తుపాకీ నాలుగు కిలోల పైమాటే. ఎత్తి పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది, పేలిస్తే సరిగ్గా ప్లేటు మీదే తన్నుతోంది.

"వానలు పడితే పందులు దిగుతాయండి. అప్పటికి నేను ఎత్తగలిగే తుపాకీ ఒకటి చేతిలో లేకపోతే మావాళ్ళు తీగలు తెస్తారు. ఇప్పటికే కాశీరావు గారు అడుగుతున్నారు, నీ వల్ల అవుతుందా లేదా అని" అన్నారు నతానియేలు గారు. కాశీరావంటే ఆ ఊళ్ళో పెద్ద చెరుకు రైతు.

అప్పుడు నా గొంతు తగ్గింది. "కూర్చోండి. మజ్జిగ తాగండి" అన్నాను.

పాతదాన్ని చెక్కినా లాభం లేదు, బరువంతా గొట్టంలోనే ఉంది. వేరే తేలిక తుపాకీ అంటే కొట్టుకెళ్ళి చొక్కా కొనుక్కున్నట్టు కాదు. మొదట ఆయనకి పాయింట్ టూ టూ రైఫిల్ మీద మనసు పోయింది. తేలిక, తన్నదు. నేను ఒప్పుకోలేదు.

"దాంతో పందికి గాయం చేసి వదిలేస్తే అది చెరుకులో పడి మూడు రోజులు చస్తది. ఈలోగా ఎవరెదురైతే వాళ్ళని చీరేస్తది. మీక్కావలసింది అదేనా?"

"కాదండి."

"మరి దాని ఊసెత్తకండి."

పన్నెండు బోరు తుపాకీ ఎత్తి చూపించాను. భుజానికి ఆనించుకోగానే ఆయన ముఖం చిట్లించుకున్నారు, అది పేలిస్తే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కదా. ఎడమ భుజానికి మారుద్దామని చూశాం. ఎడం కన్ను మూసి కుడికన్ను తెరవడం అలవాటైన మనిషికి యాభై ఎనిమిదేళ్ళకి తిరగెయ్యమంటే ఎలా? ఎడంచేత్తో సంతకం పెట్టడం నేర్పినట్టుంది. పావుగంటకి ఇద్దరం విసుగెత్తిపోయాం.

ఆఖరికి చల్లపల్లిలో ఒక పెద్దాయన తుపాకీ దొరికింది. ఆయన పోయాక కొడుకులు అమ్మేద్దామని నాకు ఫోన్ చేసి ఉన్నారు. ఈయన పాతదానికి వాడే తూటాలే దీనికీ సరిపోతాయి, కానీ గొట్టం సన్నం, పొట్టి. బరువంతా కర్రలోనే ఉంది. చూడగానే నా చేతులు ఊరుకోలేదు. ఆ కర్ర నేను చెక్కితే ఎలా తయారవుతుందో కళ్ళకి కట్టింది. కాగితాల కోసం నతానియేలు గారు మూడు వారాలు ఆఫీసుల చుట్టూ తిరిగి లైసెన్సులో ఎక్కించుకొచ్చారు. అనారోగ్యం మనిషని ఒక్కరూ కనికరించలేదని నేను తిట్టిపోస్తుంటే, ఆయన "పోనీలెండి, పని అయింది కదా" అన్నారు.

మే నెలాఖరుకి పని మొదలుపెట్టాను. ఒక మాట ముందే చెప్పాను ఆయనకి. బరువు తగ్గే కొద్దీ తన్ను పెరుగుతుంది. అందుకని తగ్గించాల్సినంతే తగ్గించాలి, తన్ను ఎక్కడ తగలాలో మనం నిర్ణయించాలి. ఆయన్ని నిలబెట్టి, తుపాకీ మడమని, అంటే భుజానికి ఆనే చివరని, మోచేతి మడతలో ఆనించి, వేలు ట్రిగ్గర్ దాకా వస్తుందో లేదో చూశాను. అంగుళం ఎక్కువుంది, కోసేశాను. ప్లేటు ఎక్కడుందో చొక్కా మీద ఆయన పెన్నుతోనే గీత గీసి, మడమ ఆ గీతకి లోపలివైపు కూర్చునేలా వాలుగా చెక్కాను. హన్నా గారు ఆ గీత చూసి కొత్త చొక్కా పాడుచేశారని ఫోన్లో నన్ను తిట్టారు, అది వేరే సంగతి. మడమకి మందపాటి రబ్బరు బిగించాను. దానెనక కర్ర తొలిచి డొల్ల చేశాను. ముందుభాగం వేలెడు సన్నం చేశాను.

సందు చివర పాతపేపర్ల కొట్టు కాటా మీద పెట్టి తూచాం. మూడు కిలోల వంద గ్రాములు. నతానియేలు గారు ఒంటిచేత్తో ఎత్తి చూసి చిన్నపిల్లాడిలా నవ్వారు.

గొట్టం కర్రలో కూర్చునే గాడి మాత్రం నేను ప్రాణం పెట్టి చేశాను. ఇనుముకి దీపం మసి పూసి, కర్రలో కూర్చోబెట్టి తీసి, మసి అంటిన చోటల్లా గోకి, మళ్ళీ కూర్చోబెట్టి, అలా నాలుగు రోజులు. చివరికి సిగరెట్టు పెట్టెలో మెరుపుకాగితం కూడా ఆ సందులో దూరలేదు. మా నాన్న బతికుంటే చూసి తలూపేవాడు. షాపుకొచ్చిన ప్రతివాడికీ కాగితం చేతికిచ్చి దూర్చి చూడమన్నాను. తెరేసమ్మ భోజనం తెచ్చినప్పుడు ఆవిడకీ ఇచ్చాను.

"అంత బిగుతుగా ఉంటే ఊపిరాడద్దా దానికి?" అంది.

"తుపాకీకి ఊపిరేంటే, పిచ్చిమొహమా" అన్నాను.

జూన్ మొదటి వారం షూటింగ్ క్లబ్బు రేంజిలో పెట్టి కాల్చాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. డెబ్బై అయిదు మీటర్ల దూరం. గురి చూసే సైటు రెండుసార్లు సర్దాక ఆయన మూడు తూటాలు పేల్చారు, మూడూ టీ సాసరంత చోట్లో పడ్డాయి. భుజం ఎలా ఉందంటే, "తట్టింది గానీ కొట్టలేదండి" అన్నారు. ఆ చిల్లులు పడ్డ గురికాగితాన్ని హన్నా గారికి చూపించాలని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళారు. నేను ఆ రోజంతా షాపులో ఈల వేస్తూ తిరిగాను.

జూలైలో వానలు పట్టుకున్నాయి. మన డెల్టాలో వాన అంటే పైనుంచి పడేదొక్కటే కాదు, కాలవల్లోంచి, వరిమళ్ళలోంచి, గోడల్లోంచి తేమ. ఇంట్లో తలుపులు బిగుసుకుపోయి గుద్దితే గానీ తెరుచుకోవు. కాశీరావు చెరుకులో పందులు దిగాయని కబురొస్తే నతానియేలు గారు పొద్దుగూకే వేళ వెళ్ళారు. గట్టు వెనక ఉండగా అరవై మీటర్లలో పంది ఆగింది. కాల్చారు. తప్పిపోయింది.

ఒకసారి ఎవరికైనా తప్పుతుంది. వారం తర్వాత ఇంకోసారి, ఈసారి ఇంకా దగ్గర. తూటా ఎడమకి పోయి మోటారు షెడ్డు గోడలో దిగింది. ఆ షెడ్డులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. మర్నాడే ఆయన తుపాకీ పట్టుకుని షాపుకొచ్చారు. 

"ఎడమకి పోతుందండి. రెండుసార్లూ ఎడమకే. ఒకసారి చూడండి" అన్నారు.

బోల్టు తీసి, మరలు విప్పి, గొట్టం కర్రలోంచి లాగబోతే రాలేదు. చెక్కసుత్తితో తట్టాల్సి వచ్చింది. బయటికొచ్చాక చూస్తే గొట్టానికి కుడిపక్క నల్లరంగు ఒరుసుకుపోయి ఇనుము తెల్లగా మెరుస్తోంది. నాకు క్షణం పట్టలేదు. తేమకి కర్ర ఉబ్బింది. లావు గొట్టమైతే ఓర్చుకునేది. ఇది సన్నం గొట్టం, పైగా కాగితం కూడా దూరని నా గాడి. ఉబ్బిన కర్ర గొట్టాన్ని ఎడమకి నెట్టేస్తోంది. వడగాడ్పుల్లో ఎండిన కర్రని అంత బిగుతుగా కూర్చోబెట్టకూడదు. చుట్టూ గాలాడేలా సందు వదలాలి. ముప్పై అయిదేళ్ళ పనివాణ్ణి, బీరువా తలుపులు చేసేవాడికి కూడా తెలిసిన సంగతి మర్చిపోయాను. సందు కనిపిస్తే నాకు తలకొట్టేసినట్టుంటుంది, అందుకే మర్చిపోయాను.

చెప్పేసేవాణ్ణేమో. కానీ ఎదురు కుర్చీలో ఒక రిటైర్డు ఆఫీసరు గారు తన డబుల్ బ్యారెల్ కోసం కూర్చుని ఉన్నారు. అంతకు పది నిమిషాల ముందే ఆయనకి నా పనితనం గురించి గొప్పలు చెప్పాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"తుపాకీలో ఏం లోపం లేదండీ. నొప్పి పుడుతుందేమోనన్న భయంతో పేల్చేముందు భుజం ముందుకి తోసేస్తున్నారేమో. కుడి భుజం ముందుకొస్తే తూటా ఎడమకే పోద్ది."

ఆయన విషయంలో అబద్ధమే గానీ, మామూలుగా ఆ మాట తప్పు కాదు. అందుకే ఆయన నమ్మేశారు. ఆఫీసరు గారు కూడా తలూపారు. నతానియేలు గారు ఎడంచేత్తో తన కుడి భుజం పట్టుకుని, "నాకూ అదే అనుమానమండి" అన్నారు. నేను పైపైన నూనె రాసి, మరలు బిగించి ఇచ్చేశాను. ఒక్క గంట పని, గాడి కాస్త గోకితే అయిపోయేది. ఆఫీసరు గారు వెళ్ళాక పిలిచి చేద్దాంలే అనుకున్నాను. ఈలోగా నతానియేలు గారు బస్సెక్కేశారు.

అక్కణ్ణుంచి నాకు కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. ఫోను తీసేవాణ్ణి, పెట్టేసేవాణ్ణి. పనిలో కూర్చుంటే ఉలి పక్కకి జారేది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం. రోజులు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కింది, మొదటిరోజు పొరపాటన్నది ఇప్పుడు మోసం అయింది. తెరేసమ్మ కంచం ముందు నా వాలకం చూసి, "ఏంటయ్యా, తేలు కుట్టినట్టు అలా తిరుగుతున్నావు?" అంది. ఆవిడ మీద అరిచాను. కూర బాగాలేదన్నాను. కూర బాగానే ఉంది.

ఊరి కబుర్లు ఎవరో ఒకరి నోట తెలుస్తూనే ఉన్నాయి. మూడోసారి కూడా తప్పిందట. నతానియేలు పని అయిపోయిందని కాశీరావు అన్నాడట. వాళ్ళ చర్చిలో ప్రతి ఆదివారం ఆయన భుజం కోసం ప్రార్థన పెడుతున్నారట. హన్నా గారు ఉపవాసం ఉంటున్నారట.  నేను చెక్కిన కర్ర కోసం ఆవిడ కడుపు మాడ్చుకుంటోంది.

ఆగస్టు మొదటి శనివారం పొద్దున్నే మా గుడికెళ్ళి పాపసంకీర్తనం చేశాను. మేం కాథలిక్కులం, మాకు ఆ వీలుంది. తెర వెనక మోకరించి చెప్పుకుంటే ఫాదర్ గారు పాపక్షమాపణ ఇస్తారు, నలుగురికీ తెలియాల్సిన పని లేదు. అంతా విని ఫాదర్ గారు, "ఆ మాట ఆయనకి చెప్పావా?" అన్నారు.

"లేదు ఫాదర్."

"మరి ఇక్కడేం చేస్తున్నావు? లే."

బయటికొచ్చేసరికి ఫోను మోగుతోంది. నతానియేలు గారు. గొంతు మామూలుగానే ఉంది, అదే నన్ను చంపేసింది.

"బాలశౌరి గారూ, సోమవారం తుపాకీ స్టేషన్లో అప్పజెప్పేస్తున్నానండి. మీరు అంత కష్టపడి చేశారు, మీకు చెప్పకుండా ఇస్తే బాగుండదని."

"అదేంటండీ?"

"షెడ్డులో మనిషుంటే ఏమయ్యేది చెప్పండి. ఈ భుజంతో ఇంక నాకు ధైర్యం లేదు. మావాళ్ళకీ లేదు. కాశీరావు గారు తీగ తెప్పించారు, ఇవాళ పాతుతున్నారు. వద్దనడానికి నాకు మొహం లేదు."

"నేనొచ్చేదాకా పాతనివ్వకండి" అని అరిచాను.

లైసెన్సు ప్రకారం నా పని షాపులోనే చెయ్యాలి. ఆ రోజు ఆ రూలు పక్కన పెట్టి, ఉలి, ఆకురాయి, ఉప్పుకాగితం సంచీలో పడేసుకుని బస్టాండుకి పరిగెత్తాను. బందరు రోడ్డంతా నీళ్ళు. బస్సు బెంజి సర్కిల్ దాటడానికే అరగంట పట్టింది. కంకిపాడులో ఎవరి పెళ్ళి ఊరేగింపో అడ్డమొచ్చింది. కిటికీలోంచి తల బయటపెట్టి పెళ్ళికొడుకుని తిట్టాను. కండక్టరు, "పెద్దాయనా, ఆస్పత్రి పనా?" అని అడిగాడు. "అంతకంటే ఎక్కువ" అన్నాను.

ఉయ్యూరులో దిగి ఆటో పట్టుకుని వెళ్ళేసరికి కాశీరావు చేను గట్టు మీద కర్రలు పాతేసి ఉన్నాయి. తీగ చుట్టలు మోటారు షెడ్డు ముందున్నాయి. ఎనిమిది మంది రైతులు. నతానియేలు గారు కొంచెం దూరంగా నిలబడి ఉన్నారు, చేతులు కట్టుకుని, తప్పుచేసిన మనిషిలాగా. అది చూసి నాకు నా మీదే అసహ్యం వేసింది.

ఊపిరి పీల్చుకోకుండా చెప్పేశాను. కర్ర ఉబ్బడం, గొట్టం నెట్టుకుపోవడం, ఆ రోజు షాపులో కళ్ళారా చూసి కూడా భుజం మీదకి తోసెయ్యడం, అంతా.  కాశీరావు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మీరు చెప్పేది నిజమని ఏంటండీ గ్యారంటీ? ఆయన మీద జాలితో చెబుతున్నారేమో" అన్నాడు.

"తుపాకీ తెప్పించండి" అన్నాను.

షెడ్డు అరుగు మీదే కూర్చున్నాను. గొట్టం తీసి కుడిపక్క ఒరిపిడి అందరికీ చూపించాను. ప్రాణం పెట్టి చేసిన గాడిని వాళ్ళ ముందే గోకేశాను. ముందు ఉలి, తర్వాత ఆకురాయి, తర్వాత ఉప్పుకాగితం. గంటకి పైగా పట్టింది. ఆఖరికి పోస్టుకార్డు మడిచి పెట్టినా గొట్టం కింద అటూ ఇటూ ఆడేటంత సందు వచ్చింది. చూడ్డానికి అసహ్యంగా ఉంది. గోకిన కర్రకి నూనె పట్టించి బిగించాను.

నతానియేలు గారి చేను చివర ఎత్తయిన కట్ట ఉంది, దానవతల ఖాళీ పొలం. మనుషుల్నందరినీ వెనక్కి పంపి, కట్టకి అట్టముక్క ఆనించి నల్లచుక్క పెట్టాం. ఆయన తుపాకీ పట్టుకోవడానికి ఇష్టపడలేదు. హన్నా గారు వెనకనుంచి, "పట్టుకోండి" అన్నారు. అంతే.

మొదటిది పేల్చారు. చుక్కకి వేలెడు పైన. రెండోది దాని పక్కన. మూడోది చుక్క అంచున. కాశీరావు స్వయంగా నడిచెళ్ళి అట్ట తీసుకొచ్చి, వేలితో మూడు చిల్లులూ తడిమి చూశాడు. తర్వాత వెళ్ళి గట్టు మీద మొదటి కర్ర పీకాడు. మిగతావాళ్ళు కూడా పీకడం మొదలుపెట్టారు.

నేను నతానియేలు గారి దగ్గరకెళ్ళాను. ఆయన తుపాకీ నేలకి ఆనించి నిలబడి ఉన్నారు. మెచ్చుకుంటారని కాదు గానీ, ఎప్పటిలా నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఆయన కళ్ళలో కోపం నేను చూడటం అదే మొదటిసారి.

"నెల రోజులండి. నెల రోజులు నా భుజాన్ని నేనే తిట్టుకున్నాను. పడుకుంటే తిట్టుకున్నాను, లేస్తే తిట్టుకున్నాను. తీగ తెచ్చినప్పుడు కూడా, ఈ పాడు భుజం వల్లే కదా అనుకున్నాను" అన్నారు.

"తప్పయిపోయిందండీ. మీ కాళ్ళు..."

"నా కాళ్ళొద్దు. మా సంఘమంతా ఈ భుజం కోసం ప్రార్థన చేసింది. రేపు ఆదివారం. వచ్చి వాళ్ళకి చెప్పండి."

వాళ్ళ చర్చిలో తెర ఉండదు. సాక్ష్యం అంటే లేచి నిలబడి నలుగురిలో చెప్పాలి. రాత్రి తెరేసమ్మకి చెబితే, "వెళ్ళు. నేనూ వస్తాను" అంది. 

రేకుల చర్చి. ఆడవాళ్ళొకవైపు, మగవాళ్ళొకవైపు చాపల మీద కూర్చున్నారు. పాటలయ్యాక పాస్టరు గారు సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవమన్నారు. లేచాను.  చెప్పాను. భుజంలో లోపం లేదనీ, లోపం నా పనిలో ఉందనీ, తెలిసి కూడా నా పేరు పోతుందని దాచాననీ. వెనకెవరో "స్తోత్రం" అన్నారు. పాస్టరు గారు నా తరఫున ప్రార్థన చెయ్యడానికి చెయ్యెత్తారు. అయిపోయిందిలే అనుకుని కూర్చోబోయాను.

ఆడవాళ్ళ వైపునుంచి ఒకావిడ లేచింది. శౌరమ్మ, రత్తయ్య భార్య. మాలాగే కాథలిక్కు అయినా ఆ ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క చర్చే కాబట్టి అక్కడికే వస్తుంది. కోపంగా కూడా లేదావిడ, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"ఈ నెల రోజుల్లో ఎవరో ఒకరు తీగ పెట్టి, నా మొగుడిలాగే ఇంకొకాయన పోయుంటే, అప్పుడు కూడా వచ్చి ఈ మాట చెప్పేవారా అండీ?"

చెప్పేవాణ్ణి అనడానికి నోరు తెరిచాను. తెరేసమ్మ నావైపే చూస్తోంది, నతానియేలు గారు చూస్తున్నారు.

"తెలీదమ్మా" అన్నాను.